బ్లేడు ఇన్సర్ట్‌కు ఎందుకు తగులుతోంది?

టేబుల్ సా మీద చెక్క తోస్తుంటే కోత అంచు నల్లగా మాడుతుంది. బ్లేడు చుట్టూ ఉండే ఇన్సర్ట్ ప్లేటుకు రాసుకుని కీచుమని చప్పుడొస్తుంది. అప్పుడు చాలామంది మొదట చేసే పని ఆకురాయి తీసి ప్లేటులోని సందును కాస్త వెడల్పు చేయడం. చప్పుడు ఆగుతుంది కానీ మాడటం ఆగదు. కొన్నాళ్లకు ఏదో ఒక పలక మధ్యలో బిగుసుకుని వెనక్కి తన్నుతుంది. ఆకురాయి పట్టకముందు ఆ రాపిడి ఎందుకు వచ్చిందో చూసి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. ఇన్సర్ట్‌కు బ్లేడు తగలడం చాలాసార్లు ఇన్సర్ట్ తప్పు కాదు. మెషీన్లో ఇంకేదో కదిలిందని చెబుతూ ఇన్సర్ట్ మీద గీత పడుతుంది. ఆ గీతను చదవడం వస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

ఏ పని మొదలుపెట్టినా ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఈ వ్యాసంలో బ్లేడు తిప్పమని ఎక్కడ రాసినా చేత్తో, ప్లగ్గు పీకి ఉన్నప్పుడే అని అర్థం. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పంటి కొన వేగం సెకనుకు 53 మీటర్లు, అంటే గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. వెనక వైపు పళ్లు కిందినుంచి పైకి లేస్తాయి. వాటికి చెక్క అందిందంటే దాన్ని పైకెత్తి మీ వైపే విసురుతాయి. అందుకే ఈ మెషీన్లో కాగితం మందం తేడాకు కూడా అంత విలువ.

దేన్ని బట్టి దేన్ని సరిచూడాలి?

మెషీన్లో కదిలేవి చాలా ఉన్నాయి. బ్లేడు లేస్తుంది, దిగుతుంది, వంగుతుంది. ఫెన్స్ పక్కకు జరుగుతుంది. ఇన్సర్ట్ ఊడి వస్తుంది. వీటిలో ఒకదాన్ని బట్టి ఇంకొకదాన్ని సర్దుతూ పోతే సాయంత్రానికి అన్నీ వంకరగానే ఉంటాయి. కదలనిది ఒక్కటే: టేబుల్ పలకలో పొడవుగా తీసిన గాడి. మైటర్ గేజ్ జారేది అందులోనే. కంపెనీవాళ్లు పలకను మెషీనింగ్ చేసేటప్పుడే దాన్ని తీస్తారు కాబట్టి మీరు దాన్ని జరపలేరు. కాబట్టి బ్లేడు గాడికి సమాంతరంగా ఉండాలి, ఫెన్స్ కూడా గాడికే సమాంతరంగా ఉండాలి. ఇన్సర్ట్ సందు చివరన బ్లేడును బట్టి వస్తుంది. ఇన్సర్ట్‌తో మొదలుపెట్టడమంటే తోకను బట్టి గుర్రాన్ని నిలబెట్టడమే.

మన ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో చేయించుకున్న మెషీన్లకు చాలావాటికి అసలు గాడే ఉండదు. యాంగిల్ ఇనుముతో స్టాండు, పైన ఇనుప ప్లేటు, కింద ప్లమ్మర్ బ్లాకుల్లో షాఫ్టు, పక్కన బెల్టుతో మోటారు ఉంటాయి. అలాంటిదానికి టేబుల్ పలక నిలువు అంచుల్లో తిన్నగా ఉన్నదాన్ని ఎంచుకుని, దానికి పెయింటుతో గుర్తు పెట్టుకోండి. ఇకనుంచి అదే ఆధారం. ఫెన్స్‌గా బిగించే టేకు బద్దను కూడా అక్కడినుంచే కొలవాలి.

గీతలు చూసి కారణం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. ఇన్సర్ట్‌ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని సందు రెండు అంచులనూ పైనా కిందా చూడండి. బ్లేడు రాసుకున్నచోట అల్యూమినియం అయితే మెరుస్తుంది, ప్లైవుడ్ అయితే నల్లబడుతుంది, ప్లాస్టిక్ అయితే కరిగి వెంట్రుకలా దారాలు లేస్తాయి. ఆ గుర్తు ఎక్కడుందన్నదే ముఖ్యం.

మీ వైపున్న చివర ఎడమ అంచుకు, అవతలి చివర కుడి అంచుకు గుర్తులు ఉన్నాయనుకోండి. లేదా సరిగ్గా దానికి వ్యతిరేకంగా. అప్పుడు బ్లేడు సందులో ఏటవాలుగా నిలబడింది. సందు తిన్నగా ఉండి బ్లేడు మూలగా తిరిగితేనే ఇలా ఎదురెదురు మూలల్లో తగులుతుంది. వీటన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే వెనక పళ్లు తాము కోయని చెక్కను పక్కనుంచి ఒరుసుకుంటూ పోతాయి.

ఒకే అంచు పొడవునా సమానంగా గుర్తు ఉంటే బ్లేడు ఏటవాలుగా లేదు, మొత్తంగా ఒక పక్కకు జరిగింది. లేదా ఇన్సర్టే తన గుంటలో పక్కకు జారింది. వేలితో ఇన్సర్ట్‌ను కుడికీ ఎడమకూ తోసి చూడండి. టక్కుమని కదిలితే సంగతి అదే. అంతకుముందు వేసిన బ్లేడు పలచనిదై, ఇప్పుడు మందంగా కోసేది వేసినా గుర్తు పడుతుంది, అయితే రెండు అంచులకూ పడొచ్చు. పలచని టీసీటీ (కార్బైడ్ పళ్ల) బ్లేడు కోత సుమారు 2.2 నుంచి 2.4 ఎంఎం ఉంటే, మామూలు బ్లేడుది 3 ఎంఎం దాటుతుంది. పలచనిదానికి కోసిన సందులో మందపుది పట్టదు కదా.

ఇన్సర్ట్‌ను తిరగేసినప్పుడు గుర్తు కింది అంచులోనే కనబడి, పై అంచు శుభ్రంగా ఉందా? అయితే బ్లేడు నిటారుగా లేదు. సందు కోసిన రోజు 90 డిగ్రీల దగ్గర ఉన్నది ఇప్పుడు 89 దగ్గర ఉంది. 12 ఎంఎం మందమున్న ఇన్సర్ట్‌లో ఒక డిగ్రీ తేడా కింది అంచు దగ్గర 0.2 ఎంఎం అవుతుంది, రాసుకోవడానికి అది చాలు. బ్లేడును వంచి మళ్లీ నిలబెట్టినప్పుడు స్టాపు బోల్టు దగ్గర రంపపు పొట్టు గడ్డకట్టి ఉండటమే దీనికి మామూలు కారణం. బ్రష్షుతో పొట్టు తీసి, మూలమట్టం పెట్టి, స్టాపును మళ్లీ సర్దాలి. మూలమట్టం పంటికి ఆనకూడదు. పళ్లు ఉక్కు బిళ్లకంటే బయటికి వచ్చి ఉంటాయి కాబట్టి రెండు పళ్ల మధ్య నున్నటి ఉక్కుకు ఆనించి చూడాలి.

ఇక చేత్తో మెల్లగా తిప్పుతుంటే బ్లేడు చుట్టులో ఒక్కచోట మాత్రమే టిక్కుమని తగిలి మిగతా అంతా స్వేచ్ఛగా తిరిగితే, అది బ్లేడు వణుకు. దాని కథ వేరు.

వణుకు వేరు, ఏటవాలు వేరు. ఎలా తెలుస్తుంది?

సైకిల్ చక్రాన్ని తలచుకోండి. రిమ్ములో బెండు ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కచోటే బ్రేకు రబ్బరుకు తగులుతుంది. రిమ్ము బాగానే ఉండి చక్రాన్ని ఫోర్కులో వంకరగా బిగిస్తే తిరిగినంతసేపూ ఒకే పక్కకు రాస్తుంది. మొదటిదానికి స్పోకులు బిగించాలి, రెండోదానికి నట్టు విప్పి సరిచేయాలి. ఒకదానికి చేసే మందు ఇంకొకదానికి పనిచేయదు. టేబుల్ సాలోనూ అంతే. వణికే బ్లేడు కోతను వెడల్పు చేస్తుంది. ఏటవాలు బ్లేడు చెక్కను మాడుస్తుంది, వెనక్కి తంతుంది.

అందుకే ముందు వణుకు సంగతి తేల్చుకోవాలి. బ్లేడు విప్పి షాఫ్టు మీది ఫ్లాంజ్ ముఖాన్ని చూడండి. నట్టు వైపు వాషరు లోపలి ముఖాన్నీ చూడండి. టేకు, వేప లాంటి చెక్కలు కోసినచోట జిగురూ పొట్టూ కలిసి గోధుమరంగు పొరలా అంటుకుని ఉంటుంది. చేతికి తగలనంత పలచగా ఉన్నా అది చాలు. లెక్క వేసి చూద్దాం. ఫ్లాంజ్ వ్యాసం 60 ఎంఎం, బ్లేడు 250 ఎంఎం. ఫ్లాంజ్ ఒక అంచున 0.05 ఎంఎం మందం గల పొట్టు రేణువు ఇరుక్కుంటే బ్లేడు అంచు దగ్గర ఆ తేడా నాలుగింతలై 0.2 ఎంఎం ఊగుతుంది. కాగితంలో సగం మందం ఉన్న చెత్త, అంచుకు వచ్చేసరికి రెండు కాగితాలంత. ఫ్లాంజ్‌ను కిరోసిన్‌లోనో థిన్నర్‌లోనో తడిపిన గుడ్డతో తుడిచి, వేలి గోరుతో చుట్టూ గీసి చూడండి. అంచున ఎక్కడైనా దెబ్బతిని గరుకు లేచి ఉంటే సన్నటి ఆకురాయిని ఫ్లాంజ్ ముఖం మీద చదునుగా పడుకోబెట్టి ఆ లేచినదాన్ని మాత్రమే తీయాలి. ఆకురాయికి అసలు పని ఇక్కడ ఉంది.

రెండో నేరస్తుడు బుష్షు. మన మార్కెట్లో దొరికే బ్లేడుల రంధ్రాలు ఒక్కోటి ఒక్కో కొలత: 4 అంగుళాలవి 20 ఎంఎం, పెద్దవాటిలో 25.4, 30 ఎంఎం. షాఫ్టు సన్నగా ఉంటే మధ్యలో రింగు వేసి సరిపెడతారు. ఆ రింగు బ్లేడుకంటే రవ్వంత మందంగా ఉన్నా ఫ్లాంజ్ బ్లేడును పట్టదు, రింగును పడుతుంది. బ్లేడు మధ్యలో వదులుగా ఊగుతుంది. రింగు మందం బ్లేడు మందంకంటే తక్కువే ఉండాలి, రంధ్రంలో బిర్రుగా కూర్చోవాలి. అమెరికాలో గరాజులో వడ్రంగం నేర్చుకుంటున్న మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి 10 అంగుళాల మెషీన్ల షాఫ్టు ఎనిమిదింట ఐదు వంతుల అంగుళం, అంటే 15.88 ఎంఎం. 16 ఎంఎం రంధ్రమున్న బ్లేడు దానికి ఎక్కుతుంది, సరిపోయినట్టే ఉంటుంది, కానీ కేంద్రం తప్పుతుంది. కొన్ని పళ్లే కోస్తాయి, కొన్ని ఊరికే తిరుగుతాయి.

తుడిచి బిగించాక కూడా వణుకు ఉంటే తప్పు బ్లేడుదా, షాఫ్టుదా? మార్కరుతో షాఫ్టు చివర ఒక చుక్క, దానికి ఎదురుగా బ్లేడు మీద ఒక చుక్క పెట్టండి. ఎక్కడ ఎక్కువ తగులుతోందో గుర్తించండి. నట్టు వదులు చేసి బ్లేడును మాత్రం అరచుట్టు తిప్పి మళ్లీ బిగించండి. తగిలేచోటు బ్లేడు చుక్కతోపాటే జరిగిందా? బ్లేడు వంగింది, మార్చండి. షాఫ్టు చుక్క దగ్గరే నిలిచిపోయిందా? ఫ్లాంజో షాఫ్టో తప్పు. అంచును రెండు పక్కలా పట్టుకుని ఊపితే లోపల ఆట తెలిసినా, తిప్పుతుంటే గరగరమన్నా బేరింగులు పోయాయి. బేరింగు పోయిన మెషీన్ మీద ఇక ఏ సర్దుబాటూ నిలవదు కాబట్టి ముందు వాటిని మార్పించి రండి.

డయల్ గేజ్ లేకుండా సమాంతరం ఎలా చూడాలి?

గాడిలో ఆట లేకుండా జారే టేకు బద్ద ఒకటి చేసుకోండి. చిత్రికతో ఒక్కో పొర తీస్తూ బిర్రుగా పట్టేదాకా సర్దాలి, ఈ పనిలో తొందరపడకండి. దాని మీద అడ్డంగా ఇంకో బద్ద బిగించి, బ్లేడు వైపున్న కొనలో ఇత్తడి స్క్రూ ఒకటి ఎక్కించండి. గుండ్రటి తల ఉన్నదైతే మంచిది.

బ్లేడును పూర్తిగా పైకెత్తండి. ముందు పంటికీ వెనక పంటికీ మధ్య ఎంత దూరం దొరికితే తేడా అంత బాగా కనబడుతుంది. స్క్రూ వైపుకు వాలిన పన్ను ఒకటి చూసి మార్కరుతో గుర్తు పెట్టండి. ఆ పంటిని మీ వైపుకు, టేబుల్‌కు కాస్త పైన ఉండేలా తెచ్చి, స్క్రూను తిప్పుతూ తల ఆ పంటిని ముట్టుకునేలా చేయండి. బ్లేడును ఇటూ అటూ సన్నగా కదిపితే స్క్రూ తల మీద కార్బైడ్ గీసుకునే చిన్న శబ్దం వినిపిస్తుంది, వేలికి కూడా తెలుస్తుంది. ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు అదే పంటిని వెనక్కి తిప్పి, బద్దను గాడిలో వెనక్కి జరిపి, మళ్లీ కదపండి. అదే శబ్దం వస్తే బ్లేడు గాడికి సమాంతరం. శబ్దమే రాకపోతే సందు ఉంది, ఏ4 కాగితం ముక్క పెట్టి చూడండి. మామూలు కాగితం మందం సుమారు 0.1 ఎంఎం. ఒక కాగితం పట్టీపట్టనట్టు ఉంటే వదిలేయొచ్చు, రెండు కాగితాలు పడితే సర్దాలి. స్క్రూ గట్టిగా ఒత్తుకుని పన్ను కదలకపోతే తేడా ఇంకో వైపుకు ఉంది.

అదే పంటిని రెండు చోట్లా చూడాలి. ముందు ఒక పన్ను, వెనక వేరే పన్ను కొలిచేవాళ్లే ఎక్కువ. అప్పుడు బ్లేడులో ఉన్న వణుకు కూడా లెక్కలో కలిసిపోయి, సరిగ్గా ఉన్న మెషీన్‌ను వంకర చేసుకుంటారు. ఒకే పన్ను వాడితే బ్లేడు కాస్త వంగి ఉన్నా కొలత తప్పదు.

తేడా కనబడింది. ఏ బోల్టు వదులు చేయాలి?

అది మెషీన్‌ను బట్టి ఉంటుంది. బరువైన క్యాబినెట్ సాల్లో బ్లేడును మోసే భాగం కింది పెట్టెకు బిగించి ఉంటుంది కాబట్టి అక్కడ బ్లేడును జరపరు, పైనున్న టేబుల్‌నే జరుపుతారు. మూలల్లో ఉన్న నాలుగు బోల్టుల్లో మూడు వదులు చేసి నాలుగోదాన్ని కొద్దిగా బిగువుగా ఉంచండి, టేబుల్ దాని చుట్టూ తిరుగుతుంది. చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టాలి. తేలిక మెషీన్లలో ఆ భాగం టేబుల్‌కే కింద వేలాడుతుంది, వెనక బోల్టులు వదులు చేసి దాన్నే తట్టాలి. రెండింట్లోనూ ఒకటే జాగ్రత్త: బోల్టులు బిగించేటప్పుడు కొలత మళ్లీ జారుతుంది. ఒక్కో బోల్టును కొంచెం కొంచెంగా, ఎదురు మూలలు మార్చుకుంటూ బిగించి, ప్రతిసారీ టేకు బద్దతో చూసుకోండి. ఓపిక కావాల్సింది ఇక్కడే.

నిటారుగా ఉన్నప్పుడు బాగానే ఉండి, బ్లేడును 45 డిగ్రీలకు వంచితే మాత్రం సమాంతరం తప్పుతోందా? టేబుల్ ముందు వైపో వెనక వైపో రవ్వంత ఎత్తు తక్కువగా ఉందన్నమాట. బోల్టు దగ్గర పలచని రేకు ముక్క వేసి ఎత్తు సరిచేస్తే కుదురుకుంటుంది.

వెల్డింగ్ షాపు మెషీన్లలో ప్లమ్మర్ బ్లాకు బోల్టు రంధ్రాలు పొడవుగా ఉంటాయి, సర్దుబాటు అక్కడే. ఇక్కడ అసలు దోషి తరచుగా బెల్టు. జారుతోందని మోటారును వెనక్కి లాగి బెల్టును తీగలా బిగిస్తారు. ఆ లాగుడుకు షాఫ్టు ఒక చివర ప్లమ్మర్ బ్లాకు కొద్దికొద్దిగా జరిగి బ్లేడు ఏటవాలవుతుంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. బ్లాకును సరిచేశాక దాని పక్కన చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేయించి స్టాపు పెట్టించుకుంటే మళ్లీ జరగదు.

ఇక సైటు మీద కార్పెంటర్లు చేసుకునే ఏర్పాటు: 18 ఎంఎం ప్లైవుడ్‌కు కింద చేతి సర్క్యులర్ సానో మార్బుల్ కట్టరో తిరగేసి బిగించి, స్విచ్ నొక్కినట్టే ఉండేలా కట్టేసి, గార్డును వెనక్కి తీగతో లాగేసి కోస్తారు. దీని గురించి మెత్తగా రాయలేను. మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000, 13,000 చుట్ల దాకా తిరుగుతుంది. అది రాయి కోయడానికి చేసింది. చెక్క బిగుసుకుంటే ఆపడానికి అందులో ఏమీ లేదు, చేయి జారితే స్విచ్ అందదు. దాన్ని చెక్కకు వాడకండి. పెద్ద సర్క్యులర్ సానే తిరగేసి వాడాల్సి వస్తే, తయారీదారు ఆ వాడకానికి ఒప్పుకున్న మెషీనేనా చూడండి, మోకాలికి అందేచోట విడిగా స్విచ్ పెట్టించండి, గార్డు ఉంచండి. అలైన్‌మెంట్ విషయానికొస్తే దాని జబ్బులు రెండు. వంపు బిగించే నాబ్ అదురుకు వదులై బ్లేడు పక్కకు వాలుతుంది. మెషీన్ బరువుకు ప్లైవుడ్ నడుమ కుంగి, బ్లేడు దగ్గర టేబుల్ గుంటపడుతుంది. పైన స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి కింద వెలుతురు కనబడుతుందేమో చూడండి. కనబడితే కింద రెండు పక్కలా టేకు బద్దలు నిలువుగా బిగించాలి. కుంగిన టేబుల్ మీద ఎంత బాగా ఇన్సర్ట్ చేసినా ప్రయోజనం లేదు.

ఫెన్స్ తప్పా, బ్లేడు తప్పా?

మాడిన ముక్క ఏదో చూడండి. ఫెన్స్‌కు ఆనుకుని వచ్చిన ముక్క అంచు మాడితే ఫెన్స్ వెనక భాగం బ్లేడు వైపుకు దగ్గరవుతోంది. చెక్క ముందుకు పోయేకొద్దీ ఇరుకులో పడి వెనక పళ్లకు ఒత్తుకుంటుంది. వెంటనే సరిచేయాల్సింది ఇదే, ఎందుకంటే చెక్క వెనక్కి తన్నేది ఇక్కడే. అటువైపు విడిగా తెగిపడే ముక్క మాడితే ఫెన్స్ వెనక మరీ తెరుచుకుంది. రెండు ముక్కలూ సమానంగా మాడితే అలైన్‌మెంట్‌ను కాసేపు పక్కనపెట్టి బ్లేడు పదును చూడండి.

ఫెన్స్‌ను గాడికి సమాంతరంగా పెట్టండి. కొందరు వెనక కొంచెం తెరిచి పెట్టమంటారు. నా మాట ఏమిటంటే, తప్పితే తెరుచుకునే వైపుకే తప్పాలి, అదీ ఒక కాగితం మందానికి మించకూడదు. ఫెన్స్‌ను బిగించిన తరువాత కొలవాలి, బిగించకముందు కాదు. లివరు నొక్కగానే వెనక కొన పక్కకు ఎగిరే ఫెన్సులు చాలా ఉన్నాయి.

అడ్డ కోత కోసిన ముక్కను కిటికీ దగ్గర వెలుతురులో వంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ముందు పళ్లు వేసిన వంపు గీతలు ఒక వైపుకు ఉంటాయి. బ్లేడు సరిగ్గా సమాంతరంగా ఉంటే వెనక పళ్లు కూడా సన్నగా ముట్టుకుని వాటికి అడ్డంగా గీతలు వేస్తాయి. రెండూ ఒకదాన్నొకటి దాటుతూ వలలా కనబడతాయి. ఒకే వైపు గీతలు లోతుగా పడి ఉంటే బ్లేడు ఒక పక్కకు తిరిగి ఉంది.

ఇన్సర్ట్ ఎలా ఉండాలి, దేనితో చేసుకోవాలి?

ఇన్సర్ట్ దగ్గరికి ఇప్పుడు రావాలి. కంపెనీ ఇచ్చినదానికి సందు వెడల్పుగా ఉంటుంది, బ్లేడును వంచినా తగలకూడదు కాబట్టి. దాంతో రెండు ఇబ్బందులు వస్తాయి. సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ కోస్తే కింది వైపు పెచ్చులు ఊడతాయి, ఎందుకంటే పన్ను కిందికి లాగేచోట పొరను పట్టుకునే ఆధారం లేదు. సన్నటి బద్దలు కోస్తే అవి సందులో దిగి బ్లేడు పక్కన ఇరుక్కుంటాయి, బాణంలా వెనక్కి వస్తాయి. బ్లేడు మందానికి సరిగ్గా సరిపోయే సందున్న ఇన్సర్ట్ ఈ రెండింటికీ మందు.

ముడిసరుకు ఎంపికలో తేమను మరవకండి. ఎండీఎఫ్‌తో చేసింది కాకినాడ, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం వచ్చేసరికి ఉబ్బి గుంటలో ఇరుక్కుంటుంది, సందు కూడా ముడుచుకుంటుంది. కరెంటు బోర్డులకు వాడే హైలమ్ షీటు మందంగా దొరికితే బాగుంటుంది. సెంట్రింగ్‌కు వాడే నున్నటి ఫిల్మ్ ఫేస్ ప్లైవుడ్ 12 ఎంఎంది నాకు అన్నిటికంటే నచ్చుతుంది, తేమకు తట్టుకుంటుంది, చెక్క దాని మీద జారుతుంది. పాత ఇన్సర్ట్‌నే అచ్చుగా డబుల్ టేపుతో అంటించి, రౌటరుతో చుట్టూ కోస్తే అదే ఆకారం వస్తుంది. గుంటలో పలక మరీ వదులుగా ఉంటే పక్క అంచుల్లో రెండు గ్రబ్ స్క్రూలు ఎక్కించి, వాటిని తిప్పి బిర్రు చేసుకోండి. వెనక అంచున తల కోసిన మేకు ఒకటి బయటికి పొడుచుకొచ్చేలా దిగ్గొట్టి, అది టేబుల్ పెదవి కిందికి పోయేలా పెట్టండి. పైకి లేచే పళ్లు ఇన్సర్ట్‌ను ఎత్తి విసరకుండా అదే ఆపుతుంది.

కొత్త పలకను గుంటలో పెడితే చాలా మెషీన్లలో కింద బ్లేడు తగిలి కూర్చోదు, 10 అంగుళాల బ్లేడు అంత లోపలికి దిగదు. అడుగున రౌటరుతో బ్లేడు దారి పొడవునా గాడి తీసి పలచన చేయండి, లేదా అదే కోత మందమున్న 8 అంగుళాల బ్లేడును మొదటి కోతకు తాత్కాలికంగా వేయండి. తరువాత పలక మీద బద్ద అడ్డంగా పెట్టి, బ్లేడు లేచే దారికి దూరంగా రెండు చివరలా సీ క్లాంపులతో టేబుల్‌కు బిగించండి. చేత్తో పట్టుకోకండి. మెషీన్ నడిపి బ్లేడును మెల్లగా పైకెత్తితే అదే తన సందును కోసుకుంటుంది. బ్లేడు వెనక నిలబడే రైవింగ్ కత్తికి కూడా సందు వెనక్కి పొడిగించాలి. ఇన్సర్ట్ కోసమని ఆ కత్తిని తీసేయకండి.

ఎత్తు విషయంలో ఒక నియమం. ముందు అంచు టేబుల్‌కు సమానంగానో రవ్వంత కిందికో, వెనక అంచు సమానంగానో రవ్వంత పైకో ఉండాలి. ముందు అంచు పైకి లేస్తే చెక్క తగిలి ఆగుతుంది. వెనక అంచు కిందికి పోతే ఇన్సర్ట్ దాటిన చెక్క టేబుల్ అంచుకు గుద్దుకుంటుంది. అలా ఆగినచోట కంగారుపడి గట్టిగా తోయడంతోనే చేతులు బ్లేడు మీదికి పోతాయి. కింద ఉన్న గ్రబ్ స్క్రూలను అలెన్ కీతో తిప్పుతూ, స్టీల్ స్కేలు అడ్డం పెట్టి వేలితో తడిమి చూడండి. నాలుగు మూలలూ నొక్కండి, ఏ మూలా ఊగకూడదు.

బ్లేడు వంచి కోయాలంటే దానికి వేరే ఇన్సర్ట్ చేసుకోవాలి. సరిపోయే సందున్న అల్యూమినియం పలక పెట్టి ఉండగా బ్లేడును వంచి నడిపితే కార్బైడ్ పళ్లు లోహాన్ని కోస్తాయి, పన్ను విరిగి ఎగురుతుంది. వంచాక ప్లగ్గు పెట్టకముందే చేత్తో ఒక చుట్టు తిప్పి చూసే అలవాటు చేసుకోండి. చర్మం తగిలితే బ్లేడును క్షణంలో ఆపే సాస్టాప్ లాంటి మెషీన్లు వాడేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. వాటిలో బ్లేడు లోహపు ఇన్సర్ట్‌కు తగిలినా బ్రేకు పడిపోయి, బ్లేడూ బ్రేకు క్యాట్రిడ్జీ రెండూ పాడవుతాయి. అక్కడ కరెంటు ప్రవహించని సరుకుతో చేసిన ఇన్సర్టే వాడాలి.

అన్నీ సరిచేశాను. ఇంకా మాడుతోంది, ఎందుకు?

పళ్ల పక్కన జిగురు గోధుమరంగులో పేరుకుందా చూడండి. బ్లేడు విప్పి వేడి సబ్బునీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, బాగా ఆరబెట్టి నూనె గుడ్డతో తుడవండి. పదును పోయిందనుకున్న బ్లేడు చాలాసార్లు దీంతోనే కోలుకుంటుంది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోగొడుతుంది. దాన్ని కోసేవాళ్లు సాన పట్టించడం వాయిదా వేయకూడదు. మరీ మెల్లగా తోసినా చెక్క మాడుతుంది, పళ్లు కోయకుండా ఒకేచోట రుద్దుతాయి కాబట్టి.

కొన్ని దుంగలు ఎండేటప్పుడే లోపల బిగువు దాచుకుంటాయి. నిలువునా కోస్తుండగా వెనక కోత తనంతట తానే మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. అది మెషీన్ తప్పు కాదు. అక్కడ పనికొచ్చేది రైవింగ్ కత్తి. దాని మందం బ్లేడు ఉక్కు బిళ్లకంటే ఎక్కువ, కోత వెడల్పుకంటే తక్కువ ఉండాలి. కోత 2.6, బిళ్ల 1.8 ఎంఎం అయితే 2.2 ఎంఎం కత్తి సరిపోతుంది. స్టీల్ స్కేలును బ్లేడుకూ కత్తికీ కలిపి ఆనించి, ముందు కుడివైపు, తరువాత ఎడమవైపు చూసి, కత్తి కోతకు మధ్యలో ఉండేలా సర్దండి. మందపు బ్లేడు తీసి పలచనిది వేసిన రోజు ఇది మళ్లీ చూడాలి. కోతకంటే కత్తి మందమైతే చెక్క మధ్యలోనే ఆగిపోతుంది, ఆ తప్పును బ్లేడు మీదో ఫెన్స్ మీదో వేసి అన్నీ విప్పుకుంటాం.

మళ్లీ ఎప్పుడెప్పుడు చూడాలి?

బ్లేడు మార్చిన ప్రతిసారీ ఫ్లాంజ్ తుడిచి, ఇన్సర్ట్ పెట్టి, ఒక చుట్టు చేత్తో తిప్పితే చాలు. మెషీన్‌ను ఆటోలో వేసి వేరే సైటుకు తీసుకెళ్లినప్పుడు, చెక్క ఒకసారి వెనక్కి తన్నినప్పుడు, బెల్టు బిగించినప్పుడు టేకు బద్ద తీసి మొదటినుంచి చూడండి. ఆ బద్ద మీద స్క్రూ ఏ వైపుకు ఉండాలో, ఏ గాడిలో పెట్టాలో పెన్నుతో రాసి, మెషీన్ కాలికి మేకు కొట్టి దానికే వేలాడదీయండి.